బంతి రాని విడతలు

ఫిబ్రవరి వచ్చిందంటే కొత్త ఆటగాళ్లను వెతికిపెట్టే మా క్లబ్బు స్కౌట్లు పదకొండు మంది ఒక గదిలో కూర్చుని, ఇరవై రెండేళ్ల కుర్రాళ్ల తొడల గురించి రోజుకి తొమ్మిది గంటలు మాట్లాడతారు. మూడేళ్లుగా వింటున్నాను. ఆ గదిలో నా పని వీడియో వేయడం, ఆపమన్నచోట ఆపడం, వెనక్కి తిప్పమన్నప్పుడు తిప్పడం. కాఫీ కూడా నేనే పెడతానని మొదట్లో కొందరు అనుకున్నారు. నేను పెట్టలేదు. వాళ్లు నోరు తెరిచి అడగనూ లేదు. ఖాళీ అయిన కాఫీ జగ్గుని మాత్రం నా బల్ల మీద పెట్టి వెళ్లేవాళ్లు.

ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్. కాలేజీల్లో ఫుట్‌బాల్, అదే చేతుల్తో ఆడే అమెరికా ఫుట్‌బాల్, ఆడి బయటికొచ్చే కుర్రాళ్లను దేశంలోని క్లబ్బులన్నీ వంతులవారీగా ఎంచుకునే మూడు రోజులు. ఆ మూడు రోజుల కోసం మావాళ్లు ఏడాదంతా తిరుగుతారు, తింటారు, రాస్తారు. మీటింగు గది గోడ నిండా అయస్కాంతపు కార్డులు. ఒక్కో కార్డు ఒక్కో కుర్రాడు. పైన ఉన్నవాళ్ల పేర్లు చెప్పేటప్పుడు మావాళ్ల గొంతులు తగ్గుతాయి, కింద ఉన్నవాళ్ల పేర్లు ఎవరి నోటికీ సరిగా తిరగవు. గోడకి కుడి చివర నల్ల టేపుతో నిలువుగా ఒక గీత వేసి ఉంటుంది. ఆ గీత దాటిన కార్డుని మా క్లబ్బు ఇక ముట్టుకోదు.

మార్చి మొదటివారంలో ఎజ్రా మూటన్ కార్డు ఆ గీత దాటింది.

ఎజ్రా లూసియానాలో ఒక చిన్న కాలేజీ కుర్రాడు. రిసీవర్. అంటే క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగెత్తుతూ చేతుల్లోకి అందుకునేవాడు. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. అరచెయ్యి విప్పి వేళ్లు చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా పది అంగుళాల పావు. ఆ కొలత ఇండియానాపొలిస్‌లో తీశారు. ఏటా అక్కడ మూడు వందల మంది కుర్రాళ్లను నిక్కర్లతో వేదిక మీద నడిపించి, తూచి, కొలిచి, పరిగెత్తిస్తారు. నెబ్రాస్కాలో మా ఊళ్లో పశువుల వేలానికీ ఇదే పద్ధతి. కాకపోతే అక్కడ కొనేవాళ్లు తూకం అయ్యాక దగ్గరికెళ్లి, నోరు తెరిచి చూసి, నాలుగడుగులు నడిపించి మరీ చూస్తారు. మా స్కౌట్లకి అంత ఓపిక లేదు.

స్కౌట్లకి పెద్ద వేన్ టకెట్. వయసు అరవై ఒకటి, ఈ పనిలో ముప్పై నాలుగేళ్లు. మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉంటుంది, భోజనాల దగ్గర కూడా తీయడు. కింది పెదవి వెనక పొగాకు దట్టించి, చేతిలో ఉన్న కాగితం కప్పులో ఉమ్ముతూ మాట్లాడతాడు. ఒక్కసారి చూస్తే చాలు, ఆటగాడు అవునో కాదో తనకి తెలిసిపోతుందని అంటాడు. నిజమే, ఒక్కసారే చూస్తాడు. తెలిసిపోతుందన్నది మాత్రం ఆయన మాట.

రిసీవర్ల మీద తీర్పు చెప్పడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కడికీ రెండు రీళ్లు కట్ చేసి పెట్టాలి. పట్టిన బంతులు ఒకటి, జారవిడిచినవి ఒకటి. కట్ చేసేది నేనే. బంతి కదిలిన దగ్గర్నుంచి ఈల ఊదేదాకా ఆరేడు సెకన్లు, దాన్ని ఒక విడత అనుకుందాం. కిందటి సీజన్‌లో ఎజ్రా మైదానంలో ఉన్నవి ఆరు వందల నలభై విడతలు. బంతి అతనివైపు వచ్చినవి తొంభై ఎనిమిది. మిగతా అయిదు వందల నలభై రెండింటిలో అతను ఏం చేశాడని మా గదిలో ఎవరూ అడగరు. బంతి లేని చోట ఆటగాడు కూడా ఉండడని వాళ్ల నమ్మకం.

మార్చిలో ఆ రోజు అతను జారవిడిచిన రీలు వేశాను. మొత్తం పదకొండు. సీజనంతా చెల్లాచెదురుగా పడినవి వరసగా చూస్తే మనిషి పుట్టినప్పటినుంచీ జారవిడవడం తప్ప ఇంకేమీ చేయలేదనిపిస్తుంది. నాలుగోదానికి గదిలో నవ్వులు మొదలయ్యాయి.

"పది అంగుళాల చెయ్యి," అన్నాడు టకెట్. "దేవుడు అంత చెయ్యి ఇచ్చింది కారు అద్దం తుడుచుకోమని."

దక్షిణాది కాలేజీలు తిరిగే స్కౌటు కోరీ బ్రాంట్ అందరికంటే ముందు నవ్వాడు. అతనూ ఒకప్పుడు రిసీవరే. కాలేజీ ఉంగరం ఇప్పటికీ వేలికి తీయలేదు. అక్టోబర్‌లో ఎజ్రా కాలేజీకి వెళ్లి ఒక ప్రాక్టీసు, రెండు మ్యాచ్‌లు చూసి అరపేజీ రిపోర్టు రాశాడు. అందులో ఉన్న వాక్యాలే అంతకుముందు ఏడాది ఇంకో కుర్రాడి మీద రాసినదాంట్లోనూ ఉన్నాయి. పేరు మార్చడం మాత్రం మర్చిపోలేదు.

"ఏరా కోరీ, నువ్వు దగ్గరుండి చూశావుగా?" అని అడిగాడు టకెట్.

"చూశాను సార్. ఆ చేతులు కావు, రాళ్లు. ప్రాక్టీసులోనూ అంతే."

"చేతులు నేర్పితే వచ్చేవి కావురా," అని టకెట్ కప్పులో ఉమ్మాడు. "కండ నేర్పొచ్చు. పరుగు నేర్పొచ్చు. చేతులు మాత్రం తల్లి కడుపులోంచి రావాలి."

అందరూ తలూపారు. కార్డు గీత దాటింది. రెండున్నర నిమిషాలు పట్టింది. తర్వాత మధ్యాహ్నం భోజనానికి ఏ దుకాణం నుంచి బార్బెక్యూ తెప్పించాలన్నదాని మీద ఇరవై నిమిషాలు చర్చించారు. అందులో మాత్రం అభిప్రాయభేదాలు వచ్చాయి.

మా ఊరు పెల్టన్‌లో బడి మొత్తానికి నలభై ఒక్క మందిమి. పదకొండు మంది జట్టుకి మగపిల్లలు చాలక, మా జిల్లా బళ్లన్నీ ఆరుగురితో ఆడేవి. ధాన్యం లారీ టాపు మీద కూర్చుని మ్యాచ్‌లు వీడియో తీసింది నేనే. కెమెరా బంతి వెంట పోతే మా కోచ్ స్వోబోడాకి కోపం వచ్చేది. బంతి ఎక్కడికి పోయిందో ఊరందరికీ తెలుసు, మిగతా అయిదుగురూ ఏం చేశారో నాకు చూపించు అనేవాడు. లెక్కల మాస్టారు కూడా ఆయనే. అలా నాకు మనుషుల్ని బంతి లేకుండా చూడటం అలవాటైంది. ఈ క్లబ్బులో అది అలవాటు కాదు, జబ్బు.

ప్రతి విడతకీ పేరు పెట్టి కంప్యూటర్‌లో ఎక్కించడం నా పనే కాబట్టి, గీత దాటినవాళ్లయినా సరే, అందరి విడతలూ చూడాలి. పొద్దున్నే స్కౌట్లు రాకముందు చూసేదాన్ని. ఎజ్రావి ఆరు వందల నలభై చూశాను. జాలితో కాదు, జాబితాలో అతని వంతు వచ్చింది.

సెప్టెంబర్‌లో బంతి తన జట్టులో ఇంకొకరి చేతికి పోయినప్పుడల్లా, అతనికి దారి దొరకడానికి ఎజ్రా ఎదుటి జట్టువాడిని వెతుక్కుంటూ వెళ్లి అడ్డుకునేవాడు. రెండు అరచేతులూ వాడి ఛాతీ మీద ఆనించి, బిగుసుకున్న తలుపు తోసినట్టు తోసేవాడు. అయిదో మ్యాచ్ నుంచి అది మారింది. ఎడమ చేత్తోనే, మోచెయ్యి అడ్డం పెట్టి గుద్దుతున్నాడు. కుడి పిడికిలి కడుపుకి ఆనించుకుని ఉన్నాడు. జట్టంతా గుండ్రంగా నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఆ చెయ్యి నడుముకి కట్టుకున్న తువ్వాలులోకి పోతోంది. కింద పడితే ఎడమ చెయ్యి ఊని లేస్తున్నాడు. పక్కవాడు మెచ్చుకుంటూ అరచెయ్యి చాపితే ఎడమ చెయ్యే ఇస్తున్నాడు. నాలుగు మ్యాచ్‌లు ఇలా. నవంబర్‌లో మళ్లీ రెండు చేతులు, మళ్లీ తలుపు.

జారవిడిచిన పదకొండింటికీ తేదీలు చూశాను. తొమ్మిది ఆ నాలుగు మ్యాచ్‌లలోవే. మిగతా రెండింటిలో ఒకటి జోరువానలో.

ఇదంతా కనిపెట్టడానికి నాకు పెద్ద తెలివి అక్కర్లేకపోయింది. వీడియో ఆపకుండా చూస్తే చాలు. ఎజ్రా చేతులకి ఏ రోగమూ లేదని, అక్టోబర్‌లో కుడి చేతి వేలేదో విరిగి ఉంటుందని వెళ్లి చెబుదామనుకున్నాను. మీటింగు గది తలుపు దాకా వెళ్లాను.

లోపల డాల్టన్ రీస్ సంగతి నడుస్తోంది. రీస్ ఒహాయోలో ఏదో చిన్న కాలేజీలో డిఫెన్సు ఆటగాడు. డాక్టర్లు ఇచ్చే కాగితంలో చిన్నప్పటినుంచీ తగిలిన దెబ్బలన్నీ రాయాలి. రెండేళ్ల కిందట చీలమండ ఎముక చిట్లిన సంగతి అతను రాయలేదు. అది ఎక్స్‌రేలో బయటపడింది. టకెట్ అతని కార్డుని గీత కూడా దాటించలేదు, తీసి చెత్తబుట్టలో వేశాడు. డాక్టరుకి అబద్ధం చెప్పినవాడు రేపు తనకీ చెబుతాడన్నాడు. అన్నాక ఫోన్ తీసి ఇంకో రెండు క్లబ్బుల్లో ఉన్న స్నేహితులకి కూడా ఆ మాట చేరవేశాడు.

రీస్ తర్వాత ట్రే కింబ్రో మోకాలి సంగతి ఎత్తారు, అదీ ఆ వారమే తెలిసింది. కింబ్రో పేరున్న కాలేజీ రిసీవర్. మా గోడ మీద అందరికంటే పైన ఉన్నవాడు. బంతి తనవైపు రాని విడతల్లో నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం చూస్తాడు, కాని ఆ సంగతి మా గదికి తెలియదు. అతనూ మోకాలు వాచిన సంగతి ఏడాది పాటు దాచాడు. టకెట్ కళ్లు తడయ్యాయి. గుండె ధైర్యం అంటే అదీ అన్నాడు. అని, తన కాలేజీ రోజుల్లో విరిగిన బొటనవేలితో కోచ్‌కి చెప్పకుండా మూడు మ్యాచ్‌లు ఆడిన కథ మళ్లీ చెప్పాడు. నేను ఆ కథ వినడం అది పద్నాలుగోసారి. మొదటిసారి విన్నప్పుడు రెండు మ్యాచ్‌లే.

నేను వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఎజ్రా కూడా డాక్టర్ల కాగితంలో వేలు సంగతి రాసి ఉండడు, రాసి ఉంటే మా గదికి ఎప్పుడో తెలిసేది. ఎజ్రా చేతులు మంచివని రుజువు చేసే సంగతి ఒక్కటే ఉంది, అది చెబితే అతని కార్డు చెత్తబుట్టలో పడుతుంది. మా బుట్టలోనే కాదు, టకెట్ ఫోన్‌లో ఎన్ని నంబర్లుంటే అన్ని బుట్టల్లో.

ఏప్రిల్ మొదటివారంలో ఎజ్రాని మా క్లబ్బుకి పిలిపించారు. గీత దాటినవాణ్ని ఎందుకు పిలుస్తారని నేను అడగలేదు, వాళ్లే నవ్వుకుంటూ చెప్పుకున్నారు. ఎవరెవరిని పిలుస్తున్నామో మిగతా క్లబ్బులన్నీ గమనిస్తుంటాయి. మా కళ్లన్నీ కింబ్రో మీద ఉన్నాయని వాళ్లకి తెలియకూడదు. అందుకని మేం తీసుకోబోని చిన్న రిసీవర్లని నలుగురిని పిలిచి, భోజనం పెట్టి, భుజం తట్టి పంపడం. అందులో ఎజ్రా ఒకడు.

బూడిదరంగు సూట్ వేసుకొచ్చాడు. చేతులు పొడుగు, కోటు చేతులు పొట్టి. వచ్చిన ప్రతివాడికీ లేచి నిలబడి నమస్కారం చెప్పాడు. ఇచ్చిన కాగితంలో తొమ్మిది గంటలకి టకెట్‌తో మాట్లాడాలని ఉంది. టకెట్ ఆ సమయానికి మెట్ల దగ్గర డోనట్ తింటూ కింబ్రో మేనమామతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఎవరో ఎజ్రాని తీసుకొచ్చి నా వీడియో గదిలో కూర్చోబెట్టి వెళ్లారు.

"టకెట్ గారు వస్తారా మేడమ్?" అని అడిగాడు. నాకంటే రెండేళ్లు చిన్న. దక్షిణాది మర్యాద.

"రారేమో," అన్నాను.

తల ఊపి తెరవైపు చూశాడు. నేను వీడియో ఆపడం మర్చిపోయాను. అక్టోబర్ మ్యాచ్. అతనే.

"ఇందులో బంతి నాకు రాలేదు కదా."

"రాలేదు."

"ఇవి కూడా చూస్తారా మీరు?"

"నేను చూస్తాను."

బల్ల మీద ఉన్న అతని కుడి చెయ్యి మెల్లగా బల్ల కిందికి పోయింది. ఇప్పుడు దాచాల్సిన దెబ్బేమీ లేదు, అయినా పోయింది.

"ఏ వేలు?" అని అడిగాను.

తలుపువైపు చూశాడు. "ఉంగరం వేలు."

మిగతాది తనే చెప్పాడు. అతని మావయ్య పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తాడు. గుర్రాల కాళ్లకి చుట్టే ఊదారంగు పట్టీతో ఆయనే రెండు వేళ్లూ కలిపి కట్టాడు. పైన గ్లవ్ వేస్తే ఎవరికీ కనపడేది కాదు. కాలేజీ కోచ్‌కి చెబితే నెల రోజులు ఆడనివ్వడు. ఆ కాలేజీకి స్కౌట్లు వచ్చేది అక్టోబర్‌లో ఒక్కసారి.

"ఆ నెల్లో బెంచీ మీద కూర్చుంటే నేను పుట్టనట్టే లెక్క మేడమ్," అన్నాడు.

"డాక్టర్ల కాగితంలో ఏం రాశావు?"

"ఏమీ లేదని."

"ఇప్పుడు చెప్పొచ్చుగా."

"ఇప్పుడు చెబితే అబద్ధాలకోరునవుతాను. బంతులు జారవిడిచేవాడికి వేసవిలో ఎవరో ఒకరు కబురు పెడతారు. శిక్షణ క్యాంపులో వరసలో నిలబెట్టడానికైనా మనుషులు కావాలి కదా. అబద్ధాలకోరుకి ఆ ఫోన్ కూడా రాదు. మీవాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు. మాకు తెలీదనుకుంటారు గాని, మాకు తెలుసు." గొంతు తగ్గించాడు. "మీరు చెప్పకండి మేడమ్. నా చేతులు చెత్తవనే అనుకోనివ్వండి."

చెప్పనన్నాను. అప్పుడు ఇంకో ప్రశ్న వేశాడు.

"నన్ను నిజంగా తీసుకునే ఉద్దేశంతోనే పిలిచారా?"

"నాకు తెలీదు," అన్నాను.

ఆ నిమిషం దాకా ఈ భవనంలో అబద్ధం చెప్పనిది నేనొక్కదాన్నే అనుకుంటూ ఉండేదాన్ని.

డ్రాఫ్ట్‌కి పది రోజుల ముందు మా జనరల్ మేనేజర్ హోలిస్ వచ్చి కూర్చున్నాడు. ఏ ప్రశ్నకీ అవుననీ కాదనీ చెప్పకుండా ఇరవై ఏళ్లలో ఇంత పైకొచ్చిన మనిషి ఆయన. గీత అవతలి కార్డుల్ని చివరిసారిగా ఒక్కొక్కటే చదివి, ఎవరికైనా చెప్పేదుంటే చెప్పమనడం ఆయన పెట్టిన ఆచారం. చెప్పే హక్కు స్కౌట్లకే. సాధారణంగా ఎవరూ చెప్పరు. ఒకసారి తలూపినదాన్ని మళ్లీ ఊపాలంటే మెడ నొప్పి.

నేను మూడు నిమిషాల రీలు కట్ చేసి ఉంచుకున్నాను. సెప్టెంబర్, నవంబర్ విడతలు మాత్రమే. రెండు చేతులతో అడ్డుకున్నవి. అక్టోబర్ జోలికి పోలేదు. కార్డు గీతకి ఇవతలికి వస్తే చాలు, ఎంత కింద వరసలో ఉన్నా సరే, అతను చెప్పిన ఆ వేసవి ఫోన్ మా క్లబ్బు నుంచే పోతుంది. ఇచ్చిన మాటా నిలబడుతుంది.

ఎజ్రా పేరు చదివినప్పుడు, బంతి రాని విడతలు కొన్ని ఉన్నాయని, మూడే నిమిషాలని చెప్పాను. కాఫీ జగ్గు నోరు తెరిచి మాట్లాడినట్టు అందరూ నావైపు చూశారు.

"బంతి రాకపోతే చూసేదేముందమ్మాయ్?" అన్నాడు టకెట్. తప్పుపట్టడం కూడా కాదు, నిజంగానే అతనికి అర్థం కాలేదు.

హోలిస్ వేయమన్నాడు. రెండు విడతలు చూశాక టకెట్ ఆవులించాడు. మూడోదాని మధ్యలో హోలిస్ చెయ్యెత్తాడు.

"ఇవి సెప్టెంబర్‌వి. వీడు జారవిడిచింది అక్టోబర్‌లో. బంతి పోయాక మనిషి ఎలా ఉంటాడో అది కావాలి నాకు. తల వేలాడేసేవాడు వద్దు. జారవిడిచిన ప్రతిసారీ, దాని వెనకే వచ్చిన విడత వెయ్యి."

ఇదీ వాళ్ల పద్ధతుల్లో ఒకటి, నేను మర్చిపోయాను. మీట మీద నా వేళ్లు ఆగాయి. ఆ విడతలు లేవనడానికి వీల్లేదు, అన్నిటికీ పేర్లు పెట్టి ఎక్కించింది నేనే. వేశాను.

మొదటి విడత. ఎడమ చెయ్యి, కుడి పిడికిలి కడుపు మీద. రెండోది, అంతే. మూడోదాంట్లో ఎడమ మోచేత్తో గుద్దితే ఎదుటివాడు వెల్లకిలా పడ్డాడు. నాలుగోదాంట్లో ఇంకొకడు. ముప్పై నాలుగేళ్ల అనుభవం అక్కర్లేదు, ముప్పై నాలుగు సెకన్లు చూస్తే పసివాడికైనా కనపడుతుంది.

"ఆపు," అన్నాడు టకెట్.

ఆపాను. అతను లేచి, కప్పు పక్కన పెట్టి, తెర దగ్గరికి వెళ్లాడు. వేలు సరిగ్గా ఎజ్రా కుడి చేతి మీద పెట్టాడు.

"ఇదిగో, ఈ చెయ్యి చూడండి. వాడట్లేదు వీడు."

అయిపోయిందనుకున్నాను.

"వాడాల్సిన అవసరం లేదు వీడికి," అన్నాడు టకెట్. "రెండు వందల ముప్పై పౌన్ల మనిషిని ఒంటి చేత్తో పడగొట్టాడు. రెండో చెయ్యి తీరిగ్గా కడుపు మీద పెట్టుకున్నాడు. పొగరు చూడండి. నీకు ఒక చెయ్యి చాల్లేరా అంటున్నాడు. బంతి పోయిన కోపం ఎవడి మీద తీర్చుకుంటున్నాడో చూడండి."

మిగతావాళ్లకి కూడా వెంటనే కనపడటం మొదలైంది. ఒకరికి మనిషిలో కసి కనిపించింది. ఒకరికి నడుం బలం కనిపించింది. ఇంకొకరికి నాయకత్వ లక్షణాలు కనిపించాయి. తొమ్మిది విడతలూ రెండుసార్లు వేయించుకున్నారు. రెండు చేతులున్న మనిషి నెలపాటు ఒక చేత్తో ఎందుకు ఆడతాడని అడిగినవాడు ఒక్కడూ లేడు.

కోరీ బ్రాంట్‌కి మాత్రం అసలు సంగతి కనపడింది. వేలు దెబ్బతిన్న రిసీవర్ చెయ్యి ఎలా పెట్టుకుంటాడో అతనికి తెలుసు. తెర చూశాడు, నన్ను చూశాడు, వేలికున్న ఉంగరం తిప్పుకున్నాడు. చెబితే, అక్టోబర్‌లో ముప్పై గజాల దూరంలో నిలబడి తనేం చూశాడని అడుగుతారు. అతని మొహంలో ఆ ఆలోచన రావడం, కూర్చోవడం, కాళ్లు చాపుకోవడం అన్నీ చూశాను.

"నేను అక్టోబర్‌లోనే అనుకున్నాను సార్, మనిషిలో బలం ఉందని," అన్నాడు.

"మరి రాయలేదేంరా?"

"రిపోర్టులో చోటు చాల్లేదు సార్."

హోలిస్ గడ్డం రుద్దుకుని, మరి ఆ జారవిడవడం సంగతేమిటని అడిగాడు.

"చేతులదేముంది సార్, నేర్పొచ్చు," అన్నాడు టకెట్. "రోజుకి రెండు వందల బంతులు విసిరితే ఎవడైనా పడతాడు. ఈ బలం నేర్పితే వచ్చేది కాదు. తల్లి కడుపులోంచి రావాలి."

అదే గొంతు, అదే కప్పు, అదే ఉమ్మి. అందరూ తలూపారు. కార్డు గీతకి ఇవతలికి వచ్చింది. నాలుగు నిమిషాలు పట్టింది. మొదటిసారి కంటే ఒకటిన్నర నిమిషం ఎక్కువ ఆలోచించారు.

సాయంత్రం నడవాలో కోరీ నన్ను ఆపాడు. ఆ రీలు బయటివాళ్లెవరికీ పంపొద్దన్నాడు. పంపనన్నాను.

"నువ్వేమైనా గమనించావా అందులో?"

"మీరు గమనించినదే," అన్నాను.

ఉంగరం ఒకసారి తిప్పి వెళ్లిపోయాడు. టకెట్‌కి కళ్లు లేవు, అది వేరే సంగతి. ఇతనికి ఉన్నాయి. ఆ రోజు నుంచి గదిలో ఇతని పక్కన ఖాళీ కుర్చీ ఉన్నా నేను నిలబడే వీడియో వేశాను.

డ్రాఫ్ట్ మొదటిరోజే కింబ్రోని తీసుకున్నారు. ఒకళ్లనొకళ్లు కౌగిలించుకున్నారు. ఎజ్రా మూడో రోజు మధ్యాహ్నం దాకా ఎవరికీ కాకుండా ఉన్నాడు. మిగతా క్లబ్బుల దగ్గర కూడా జారవిడిచిన రీలే ఉంది మరి. అయిదో రౌండ్‌లో మా వంతు వచ్చినప్పుడు హోలిస్ టకెట్ వైపు చూశాడు, టకెట్ గోడ మీది కార్డు తీసి బల్ల మీద కొట్టాడు. ఫోన్ గదంతా వినపడేట్టు పెట్టారు.

అవతల చాలామంది ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. తర్వాత ఎజ్రా గొంతు. హలో అన్నాడు, సార్ అన్నాడు, థాంక్యూ సార్ అన్నాడు. టకెట్ ఫోన్ మీదికి వంగాడు.

"ఒరే అబ్బాయ్, ఆ ఒంటి చేత్తో కొట్టడం నీకు ఎవరు నేర్పార్రా?"

లైన్ పోయిందేమోనని హోలిస్ ఫోన్ వైపు చూశాడు.

"ఎవరూ నేర్పలేదు సార్," అన్నాడు ఎజ్రా. "అక్టోబర్‌లో నేనే నేర్చుకున్నాను."

విన్నారా అన్నట్టు టకెట్ గదంతా కలయజూశాడు. పత్రికలవాళ్లకి ఇచ్చే కాగితంలో ఆ మాట రాయించాడు. కోరీ షూ లేసు కట్టుకోవడానికి వంగి చాలాసేపు పైకి లేవలేదు.

మే నెలలో కొత్తవాళ్ల శిక్షణ మొదలైంది. మైదానం పక్కన ఇనుప మంచె మీద కెమెరాతో నేను. మొదటి మూడు రోజుల్లో ఎజ్రావైపు విసిరిన బంతి ఒక్కటి కూడా నేల తాకలేదు. చూశారా, నేర్పితే వచ్చింది అన్నాడు టకెట్. అప్పటికి ఎవరూ అతనికి ఏమీ నేర్పలేదు.

నాలుగో రోజు అడ్డుకోవడం నేర్పుతున్నారు. రిసీవర్ల కోచ్ కొత్తగా వచ్చినవాడు, టకెట్ ఇచ్చిన వీడియో ఇంట్లో కూడా వేసుకుని చూశానని గర్వంగా చెప్పుకున్నాడు. ఎజ్రా వంతు వచ్చింది. ముందుకు ఉరికి, రెండు అరచేతులూ ఎదుటివాడి ఛాతీ మీద ఆనించి, వాణ్ని అయిదు గజాలు వెనక్కి తోసుకుపోయాడు. కోచ్ ఈల ఊదాడు.

"రెండు చేతులెందుకురా? నిన్ను తీసుకున్నది దేనికి? వీడియోలో చేసినట్టు చెయ్యి."

ఎజ్రా అతని మొహంలోకి చూశాడు. నవ్వులాటకి అంటున్నాడేమోనని చూసి ఉంటాడు. కాదని తేలాక, యస్ సార్ అన్నాడు. వెనక్కి వెళ్లి, ఏ నొప్పీ లేని కుడి చేతిని పిడికిలి చేసి కడుపుకి ఆనించుకుని, ఎడమ మోచేత్తో ఎదుటివాణ్ని గుద్దాడు. వాడు తూలాడు, పడలేదు.

కోచ్ చప్పట్లు కొట్టి, వరసలో ఉన్నవాళ్లందరినీ అలాగే చెయ్యమన్నాడు. కెమెరా ఎటూ తిప్పకుండా తీశాను. ఆరుగురు రిసీవర్లు, కింబ్రోతో సహా, కుడి చెయ్యి కడుపుకి ఆనించుకుని ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.